డిజిటల్ ప్రొజెక్టరు: ఊరి సొమ్ముతో కొనుటకు ముందు



నేటి ప్రసంగమునకు విషయము డిజిటల్ ప్రొజెక్టరు. కంప్యూటరులోనో సెల్‌ఫోనులోనో ఉన్న బొమ్మను వెలుగుగా మార్చి, ఎదుటి గోడమీదనో తెరమీదనో పెద్దదిగా చూపు యంత్రమునకు ఈ పేరు. ఇరువది ముప్పది యేండ్ల క్రిందట ఇది పట్టణములందలి పెద్ద కంపెనీలకును, విశ్వవిద్యాలయములకును మాత్రమే అందెడి వస్తువు. నేడట్లు కాదు. బడులు, పంచాయతీ కార్యాలయములు, రైతుశిక్షణ కేంద్రములు, కల్యాణమంటపములు దీనిని కొనుచున్నవి. సంసారులు సయితము క్రికెట్టు ఆటను, సినిమాను ఇంటి గోడమీద చూచుకొనుటకై కొనుచున్నారు. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి ప్రొజెక్టర్లపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గింపబడినది. గిరాకి పెరుగుటకు ఇది మరియొక కారణము.

ఇట్లు గిరాకి పెరిగిన వస్తువు ఏదో ఒక దినమున మీ ఊరి గడపకును వచ్చును. విదేశమున ఉద్యోగము చేయుచున్న ఊరి బిడ్డ బడికి విరాళము పంపవచ్చును. పూర్వవిద్యార్థులు చందా వేసికొనవచ్చును. పంచాయతీ తన నిధులతో కొనదలంపవచ్చును. అప్పుడు "ఏది కొందము? ఎంత పెట్టుదము? అసలు కొనవలయునా?" అను ప్రశ్నలకు సమాధానము చెప్పవలసినవారు ఊరి పెద్దలు. అంగడివాడు చెప్పినదెల్ల విని తల యూపి వచ్చినచో, రెండేండ్లకు ఆ పెట్టె బీరువాపై దుమ్ము పట్టి కూర్చుండును. సొమ్ము పోవును, పిల్లలకు కలిగిన లాభము లేదు. యంత్రము యొక్క లోగుట్టు కొంత తెలిసినయెడల అట్టి నష్టము తప్పును. ఆ లోగుట్టు చెప్పుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

యంత్రము కొత్తదే కాని, దాని సూత్రము మనవారికి కొత్తది కాదు. తోలుబొమ్మలాట నెరుగని తెలుగువారు అరుదు. అందు ముఖ్యమైనవి మూడు: వెనుక దీపము, ముందు తెల్లని పంచె, ఆ రెంటి నడుమ రంగులద్దిన తోలుబొమ్మ. దీపపు వెలుగు బొమ్మగుండ వచ్చునప్పుడు రంగున్న చోట ఆ రంగును పూసికొని, దళసరి చోట ఆగిపోయి, తెరపై రామునిగనో రావణునిగనో కనబడును. ప్రొజెక్టరునందును ఈ మూడే కలవు: వెలుగు, బొమ్మ, తెర. అయితే తోలుబొమ్మ స్థానమున గోటియంత బిళ్ల యుండును. ఆ బిళ్లమీది బొమ్మ క్షణక్షణమును మారుచుండును. దానిముందు ఒక అద్దపు కటకము నిలిచి, చిన్న బొమ్మను పెద్దదిగా చేసి తెరపైకి పంపును. తోలుబొమ్మలాటను రాత్రియందే ఏల ఆడుదురో మాత్రము జ్ఞప్తియందుంచుకొనుడు. ఆ సంగతితో మనకు ముందు పని కలదు.

కటకముతో బొమ్మను పెద్దచేసి చూపు విద్య ఐరోపాలో 17వ శతాబ్దమున పుట్టినది. హాలెండు దేశపు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్సు 1659 ప్రాంతమున మాజిక్ లాంతరును కల్పించెను. గాజుపలకపై వ్రాసిన బొమ్మను దీపముముందు నిలిపి, కటకముగుండ గోడపై చూపుటయే ఆ లాంతరు పని. మన దేశమున మహారాష్ట్రమందలి కల్యాణ్ పట్టణవాసి మహాదేవ పట్వర్ధన్ 1892లో ఇట్టి లాంతరుతో కథలు చూపుచు ప్రదర్శనములిచ్చెను. దానికాయన పెట్టిన పేరు శాంభరిక ఖరోలిక. పిమ్మట కదలు బొమ్మలు వచ్చినవి. మచిలీపట్టణమున జన్మించిన రఘుపతి వెంకయ్య నాయుడుగారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను అను యంత్రమును తెప్పించి, బొమ్మకు గ్రామఫోను పాటను జతచేసి, ఊరూర తిరిగి చూపిరి. మదరాసులో గెయిటీ అను సినిమాహాలును కట్టించినవారును వారే.

నాటినుండి సుమారు నూరేండ్లపాటు సినిమా అనగా ఫిల్మే. 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఆ పట్టీ సెకనుకు 24 బొమ్మల చొప్పున దీపముముందు జరుగును. నిమిషమునకు 90 అడుగుల పట్టీ కావలెను. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు! ఇంత పట్టీని రీళ్లకు చుట్టి, పెట్టెలలో పెట్టి, బస్సుమీదనో రైలుమీదనో పంపెడివారు. ఒక్కొక్క ప్రతికి ఖర్చు హెచ్చు గనుక ప్రతులు కొన్నియే తీయుదురు. అవి మొదట నగరములలో ఆడి, గీతలుపడి, అతుకులు పెట్టించుకొని, నెలలు గడచిన పిమ్మట చిన్న ఊళ్ల టూరింగు టాకీసులకు చేరెడివి. పట్నమున వందరోజుల పండుగ జరిగిన తరువాతగాని పల్లెవానికి బొమ్మ కనబడెడిది కాదు.

ఈ నిరీక్షణను అంతమొందించినది డిజిటల్ ప్రొజెక్టరు. అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్సు కంపెనీలో లారీ హార్న్‌బెక్ అను శాస్త్రజ్ఞుడు 1987లో అద్దముల బిళ్లను కనిపెట్టెను. 1996లో ఆ బిళ్లగల ప్రొజెక్టర్లు అంగడికి వచ్చినవి. 1999లో "స్టార్ వార్స్" వరుసలోని ఒక చిత్రమును అమెరికాలో నాలుగు హాళ్లలో ఫిల్మ్ లేకుండ చూపిరి. సినిమాకు చేసిన ఈ ఉపకారమునకై హార్న్‌బెక్‌నకు 2015లో ఆస్కారు బహుమతి నిచ్చిరి. మన తెలుగునాట 2010 తరువాత కొలది యేండ్లలోనే హాళ్లన్నియు డిజిటలునకు మారినవి. ఇప్పుడు హైదరాబాదున బొమ్మ పడిన దినముననే మండలకేంద్రమందలి హాలులోను పడుచున్నది.

ఇక యంత్రము లోపలికి పోదము. నేడు వాడుకలోనున్నవి ముఖ్యముగా రెండు జాతులు.

మొదటిది హార్న్‌బెక్ కనిపెట్టిన అద్దముల జాతి. దీనికి డి.ఎల్.పి. అని పేరు. ఇందలి బిళ్లపై లక్షలకొలది చిట్టి అద్దములుండును. తొలినాటి బిళ్లలో ఒక్కొక్క అద్దము తలవెండ్రుక మందములో ఐదవవంతు మాత్రమే. ఒక్కొక్క అద్దమునకు ఒక్కొక్క చుక్కను చూపు పని. అద్దము ఒక వైపు వంగినచో వెలుగు కటకముగుండ తెరపైకి పోవును. అచట చుక్క తెల్లగా నుండును. మరియొక వైపు వంగినచో వెలుగు పెట్టెలోపలనే ఆగిపోవును, చుక్క నల్లబడును. సెకనుకు వేల పర్యాయములు ఇట్లు ఊగుచు, తెలుపు ఎంతసేపు, నలుపు ఎంతసేపు అను లెక్కనుబట్టి నడిమి ఛాయలను కల్పించును. బడులలో వాడు ఈ జాతి యంత్రములలో ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగుల చక్రమొకటి గిరగిర తిరుగుచు ఒకదాని వెనుక నొకటిగా రంగులను పంపును. మన కన్ను వానిని కలిపి చూచును.

రెండవది ద్రవస్ఫటికముల జాతి. దీనిని ఎల్.సి.డి. అందురు. జపాను దేశపు ఎప్సన్ కంపెనీ 1989లో ఇట్టి ప్రొజెక్టరును అంగడికి తెచ్చెను. ఇందు తెల్లని వెలుగును మూడు రంగులుగా చీల్చి, ఒక్కొక్క రంగును ఒక్కొక్క బిళ్లగుండ పోనిచ్చి, పట్టకముతో తిరిగి ఒకటిగా చేసి తెరపైకి పంపుదురు. ఇది తోలుబొమ్మకు మరింత దగ్గర చుట్టము. వెలుగు బిళ్లను తాకి మరలిపోదు, బిళ్లగుండనే వచ్చును.

రెండు జాతులును మంచివే. కొనువాడు జాతికంటె ముఖ్యముగా విచారింపవలసినది దీపమును. పాతరకపు ప్రొజెక్టరులో పాదరసపు ఆవిరి దీపముండును. అది 3,000 మొదలు 5,000 గంటల వరకు వెలిగి, క్రమముగా మందగించి, తుదకు ఆరిపోవును. కొత్త దీపము ధర వేల రూపాయలలో నుండును. కొత్తరకములో దీపమునకు బదులు నీలపు లేజరు కలదు. ఆ నీలపు వెలుగును పసుపుపచ్చని ఫాస్ఫరు పూతపై పడనిచ్చి మిగిలిన రంగులను పుట్టింతురు. దీని ఆయుర్దాయము సుమారు 20,000 గంటలు. చిన్న పెట్టెలలో ఎల్.ఇ.డి. దీపములుండును. నీలపు ఎల్.ఇ.డి.ని సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెలు బహుమతి లభించినది.

బడిలో దినమునకు మూడు గంటల చొప్పున, ఏడాదికి 200 దినములు వాడితిమనుకొందము. మొత్తము 600 గంటలు. పాదరసపు దీపమునకు 4,000 గంటల ఆయువున్నచో అది ఆరేండ్లకు పైగా వచ్చును. లేజరు లెక్కకు 33 ఏండ్లు రావలెను. కాని అంతకు ముందే పంకా, విద్యుత్పరికరములు మున్నగు ఇతర భాగములు చెడును. కాబట్టి "ముప్పది యేండ్లు చూడనక్కరలేదు" అను మాటకు మురిసిపోరాదు. లేజరు వలని నిజమైన లాభము దీపము మార్చుకొను బాధ లేకుండుటయు, కరెంటు పోయివచ్చినప్పుడు వెంటనే వెలుగుటయును. కరెంటు ఖర్చు ఏ రకమునకైనను భయపడదగినది కాదు. 300 వాట్ల యంత్రము మూడు గంటలు నడచినచో ఒక యూనిటు కంటె తక్కువే.

ఇప్పుడు తోలుబొమ్మలాట రాత్రియందే ఏల ఆడుదురను ప్రశ్నకు వత్తము. ప్రొజెక్టరు తెలుపును పంపగలదు, ఎరుపును పంపగలదు, నీలమును పంపగలదు. నలుపును మాత్రము ఏ ప్రొజెక్టరును పంపజాలదు. నలుపనగా వెలుగు లేకపోవుటయే కదా! తెరమీద నల్లగా కనబడవలసిన చోట యంత్రము ఊరకుండును. ఆ చోట గదిలోని వెలుగు పడినచో అది నలుపు కాక బూడిదరంగగును. పటములోని నల్లని గీతలును, నల్లని అక్షరములును వెలవెలబోవును. పగటివేళ కిటికీలు తెరచిన తరగతిలో ప్రొజెక్టరు పనికిరాకపోవుటకు హేతువిదియే. ఇది యంత్రము దోషము కాదు, గది దోషము.

దీనిని లెక్కతో చూతము. ప్రొజెక్టరు వెలుగును కొలుచు కొలతకు ల్యూమెను అని పేరు. 3,000 ల్యూమెన్ల ప్రొజెక్టరుతో 8 అడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల ఎత్తుగల బొమ్మను వేసినామనుకొనుడు. తెర వైశాల్యము 36 చదరపుటడుగులు. చదరపుటడుగునకు 83 ల్యూమెన్లు వచ్చును. గదిలో ట్యూబులైట్లు వెలుగుచు, తెరమీద చదరపుటడుగునకు 30 చొప్పున ఆ వెలుగు పడుచున్నచో, తెల్లని చోట 113, నల్లని చోట 30. అనగా తెలుపు నలుపునకు నాలుగు రెట్లయినను లేదు. అదే గదిలో దీపము లార్పి, కిటికీలకు దళసరి గుడ్డలు కట్టి, 30ని 3కు తగ్గించినచో తెలుపు 86, నలుపు 3. ఇప్పుడు సుమారు 29 రెట్లు! యంత్రము అదియే, ఖర్చు పెరిగినది కర్టెను గుడ్డకు మాత్రమే. బొమ్మ నాణ్యము ఏడు రెట్లు పెరిగినది. అట్లే బొమ్మను 12 అడుగుల వెడల్పునకు పెంచినచో వైశాల్యము 81 చదరపుటడుగులై, అడుగునకు 37 ల్యూమెన్లే దక్కును. పెద్దబొమ్మ కావలెనని యంత్రమును వెనుకకు జరిపినకొలది వెలుగు పలుచనగును. చెంబెడు నీటితో చిన్న పాదును తడుపవచ్చును గాని మడి నంతటిని తడుపలేము.

ఇచటనే మోసమునకును చోటు కలదు. ప్రొజెక్టరు వెలుగును కొలుచుటకు అంతర్జాతీయ పద్ధతి యున్నది. తెరను తొమ్మిది సమభాగములుగా పంచి, ప్రతి భాగము మధ్యను పడిన వెలుగును కొలిచి, సగటు తీసి, తెర వైశాల్యముతో గుణింతురు. దీనిని ఆన్సీ ల్యూమెన్లు అనియు, ఐ.ఎస్.ఓ. 21118 ప్రకారపు ల్యూమెన్లు అనియు వ్యవహరింతురు. ఐదారు వేల రూపాయలకు దొరకు కొన్ని పెట్టెలపై 8,000, 10,000 అని పెద్ద అంకెలు వ్రాయుచున్నారు. అది ఈ కొలత కాదు. పెట్టెలోపలి దీపము వెలుగునో, ఊహించిన యంకెనో అట్లు వ్రాయుదురు. అట్టి పెట్టెలలో పెక్కింటినుండి తెరమీదికి వచ్చు నిజమైన వెలుగు 100, 200 ల్యూమెన్లు మాత్రమే. మన 36 చదరపుటడుగుల తెరపై 200 ల్యూమెన్లు పంచినచో అడుగునకు ఐదారు మాత్రమే. చీకటిగదిలో ఇంటివారు చూచుటకు అది చాలునేమో కాని తరగతికి చాలదు. ఇట్టి తప్పుడంకెల విషయమై ఎప్సన్ కంపెనీ అమెరికాలో కొందరిపై వ్యాజ్యములు వేసినది. కావున బిల్లుపైనను, కరపత్రముపైనను "ఆన్సీ" అనియో "ఐ.ఎస్.ఓ." అనియో వ్రాసియున్న అంకెనే నమ్మవలెను.

రెండవ మోసము చుక్కల లెక్కలో జరుగును. బొమ్మ స్పష్టతకు చుక్కల సంఖ్య ముఖ్యము. అడ్డము 1,920, నిలువు 1,080 చుక్కలున్నచో మొత్తము 20 లక్షలకు పైగా చుక్కలగును. అడ్డము 800, నిలువు 480 ఉన్నచో నాలుగు లక్షలు కూడ లేవు. చిన్న పెట్టెలపై "1,080కి అనుకూలము" అని వ్రాయుదురు. అనగా అంత బొమ్మను లోపలికి తీసికొనునని అర్థమేగాని, అంత స్పష్టముగా చూపునని అర్థము కాదు. "మీ బిళ్లమీద నిజముగా ఉన్న చుక్కలెన్ని?" అని సూటిగా అడుగవలెను.

ఇక గిరాకి ఎచటెచట పెరుగుచున్నదో, దానినుండి మనము నేర్చుకొనవలసినదేమో చూతము. సినిమాహాళ్ల సంగతి చెప్పితిని. దానిలో ఒక పాఠమున్నది. డిజిటల్ సినిమా తాళము వేసిన పెట్టెవలె హాలునకు చేరును. ఏ హాలులో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు తెరచుకొనవలెనో నిర్ణయించు తాళపుచెవి వేరుగా వచ్చును. హాలువాని యింట యంత్రమున్నను తాళపుచెవి ఇతరులచేతిలో నుండును. 2018 మార్చిలో డిజిటల్ సేవలకు వసూలుచేయు రుసుముల విషయమై నిర్మాతలకును, ఆ సేవలనిచ్చు సంస్థలకును తగవు వచ్చి, తెలుగు రాష్ట్రములలో సినిమాహాళ్లు కొన్ని దినములు మూతబడినవి. బడికి కొను యంత్రము విషయమునను ఈ జాగ్రత్త కావలెను. పాఠములను ఏటేట చందా కట్టి తెచ్చుకొనవలసినచో, చందా ఆగిన దినమున యంత్రము వట్టి దీపముగా మిగులును.

బడుల సంగతి. దృశ్యములతో పల్లెకు పాఠము చెప్పుట మనకు నిన్నటి మొన్నటి మాట కాదు. 1975 ఆగస్టు మొదలు 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు టెలివిజను కార్యక్రమములు పంపిరి. అందు ఆంధ్రప్రదేశ్ గ్రామములును కలవు. తెలుగునను కార్యక్రమములు వచ్చెడివి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఆ ప్రయత్నమున మెచ్చదగిన సంగతి యొకటి కలదు. సెట్లు చెడినప్పుడు బాగుచేయుటకు మరమ్మతు కేంద్రములను ముందుగనే ఏర్పాటుచేసిరి. పిమ్మట 2016 నవంబరులో తెలంగాణ ప్రభుత్వోన్నత పాఠశాలలలో డిజిటల్ తరగతులు ప్రారంభమైనవి. కంప్యూటరు, ప్రొజెక్టరు, ధ్వనియంత్రము ఒక్క పెట్టెలో నిమిడిన కె-యాన్ అను పరికరము అందు వాడబడినది. ఆ పరికరము బొంబాయి ఐ.ఐ.టి.లో రూపుదిద్దుకొన్నది. ఆంధ్రప్రదేశ్‌నందు 2019లో మొదలైన నాడు-నేడు పథకము క్రింద 2023లో బడులకు వెలిగెడి పెద్ద తాకుతెరలను అమర్చిరి.

ఈ తాకుతెర ప్రొజెక్టరునకు నేడు గట్టి పోటీ. దేనిని ఎన్నుకొనవలెను? దీనికి ఒక సులభమైన లెక్క కలదు. అక్షరములు చదువవలసిన చోట, చివరి వరుసలోని పిల్లవాడు బొమ్మ ఎత్తునకు ఆరు రెట్ల దూరము మించి కూర్చుండరాదు. 75 అంగుళముల తాకుతెర ఎత్తు సుమారు 3 అడుగులు. కాబట్టి అది 18 అడుగుల దూరమువరకు సరిపోవును. ప్రొజెక్టరుతో నాలుగున్నర అడుగుల ఎత్తు బొమ్మ వేసినచో 27 అడుగుల వరకు సరిపోవును. తాకుతెర పట్టపగలును కనబడును. ఉపాధ్యాయుడు దానిపై వ్రాయవచ్చును. కాని అది గోడకే అంటియుండును. పగిలినచో బాగుచేయుట కష్టము. ప్రొజెక్టరు చీకటి కోరును; కాని పగలు తరగతిలో పాఠము చెప్పి, రాత్రి రచ్చబండకడ రైతులకు తెగుళ్ల నివారణ చూపుటకు చంకనబెట్టుకొని పోవచ్చును. చిన్న తరగతికి, వెలుతురు గదికి తాకుతెర మేలు. పెద్ద హాలునకు, గ్రామసభకు, పలుచోట్లకు తిప్పు పనికి ప్రొజెక్టరు మేలు. గిరాకి చూచి కాక గదిని చూచి నిర్ణయింపవలెను.

కొన్న పిమ్మట కాపాడుకొను విధమును చెప్పెదను. ప్రొజెక్టరునకు మొదటి శత్రువు దుమ్ము. లోపలి వేడిని వెలుపలికి పంపుటకు పంకా యుండును. అది పీల్చుకొను గాలిని వడగట్టుటకు పలుచని జల్లెడ యుండును. మన వేసవి దుమ్ములో అది నెలకే పూడును. పూడినచో వేడి పెరిగి దీపము ఆయువు తరుగును. నెలకొకసారి దానిని దులిపినచో ఖర్చు లేని మరమ్మతు. రెండవ శత్రువు కరెంటు హెచ్చుతగ్గులు. స్టెబిలైజరునో యు.పి.యస్.నో పెట్టి, ఎర్తు తీగ సరిగా వేయించవలెను. పాదరసపు దీపముగల యంత్రమును ఆపిన వెంటనే ప్లగ్గు లాగరాదు. పంకా ఆగువరకు ఓపికపట్టవలెను. ఆ దీపము పగిలినచో పిల్లలను వెలుపలికి పంపి, కిటికీలు తెరచి, గాలి ఆడనీయవలెను. యంత్రము ఏదైనను, వెలుగుచున్న కటకములోనికి కన్నుపెట్టి చూడరాదని పిల్లలకు గట్టిగా చెప్పవలెను.

ఇప్పుడు గ్రామసభలో అడుగవలసిన ప్రశ్నలను క్రోడీకరింతును. ఒకటి: ఈ యంత్రముతో వారమునకు ఎన్ని గంటలు, ఎవరు, ఏ పాఠము చెప్పుదురు? ఉపాధ్యాయుడే కోరి అడిగినచో మంచి సూచన. అంగడివాడు కోరి అంటగట్టినచో చెడ్డ సూచన. రెండు: గదిని చీకటి చేయుటకు వీలున్నదా? మూడు: ఆన్సీ ల్యూమెన్లెన్ని, బిళ్లపై చుక్కలెన్ని? నాలుగు: హామీ ఎన్నేండ్లు? దీపమునకు వేరు హామీయా, యంత్రమునకు వేరు హామీయా? బాగుచేయువారు జిల్లాకేంద్రమున కలరా? ఐదు: దీపము, కర్టెనులు, స్టెబిలైజరు, ఏటేటి చందా కలిపి ఐదేండ్లకు మొత్తమెంత? అంగడిధర ఇందు ఒక భాగము మాత్రమే. ప్రభుత్వపు కొనుగోళ్లకై 2016లో ఏర్పడిన జెమ్ అను అంగడిలో ధరలను సరిపోల్చుకొనుటకు వీలు కలదు. డబ్బు చెల్లించుటకు ముందు, యంత్రమును మీ బడికే తెప్పించి, మీ గదిలోనే, పట్టపగలు నడిపించి చూడుడు. చివరి బల్లపై మీరే కూర్చుండి తెరమీది అక్షరములు చదువుడు. మీ కన్నులకు కనబడనిది పిల్లలకును కనబడదు.

దాత ఇచ్చు ధనమైనను ఈ విచారణ తప్పదు. దూరదేశమున కష్టపడి సంపాదించి పంపిన సొమ్మును ఆరునెలలలో మూలబడవేయుట దాతకు చేయు గౌరవము కాదు. దాతతో, "పదివంతులలో ఏడు వంతులు యంత్రమునకు, మూడు వంతులు దాని పోషణకు" అని ముందే మాట్లాడుకొనుట మంచిది.

ప్రొజెక్టరు బడికి గురువు కాదు. గురువు చేతిలోని దీపము. గుండె కొట్టుకొను తీరును, అగ్నిపర్వతము పగులు తీరును, వేరుశనగ ఆకుపై మచ్చతెగులు పాకు తీరును సుద్దముక్కతో చూపుట కష్టము, ప్రొజెక్టరుతో సులభము. ఎక్కములకును, చేతివ్రాతకును అది అనవసరము. ఈ వివేకముగల ఊరిలో ఆ పెట్టె ఏండ్లకొలది వెలుగును. అది లేని ఊరిలో ఎంత వెలగల యంత్రమైనను బీరువాపైకే చేరును. కొనుటయో మానుటయో, ఏది చేసినను తెలిసి చేయుడని మనవి.